ఇరవై ఏడో గీత

మా ఇంట్లో ఉప్పు జాడీ వంటగదిలో ఉండదు. కూర్చుని అన్నం తినే చోట, గోడవారగా, అందరికీ కనపడేటట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు చూసి నవ్వుతారు. "ఏం టీచరమ్మా, ఉప్పును పెండ్లికూతురు మాదిరి కూచోబెట్టినారే!" అంటారు. నవ్వితే నవ్వనీ అని ఊరుకుంటాను. దాని కథ చెప్పాలంటే నా దొంగతనం కూడా చెప్పాలి.

నేను ఆళ్లగడ్డలో హైస్కూల్లో సైన్సు టీచర్ని. పేరు సువార్త. నాయన పోయినాక మా అమ్మ ఎస్తేరమ్మ, నేను ఇద్దరమే రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. అన్న దేవదానం నంద్యాలలో రైసుమిల్లులో గుమాస్తా. నాకు జబ్బు చేసి, ఆ తర్వాత అమ్మకు చేసి, ఇప్పటికి నాలుగేళ్లయింది. చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమని ఎన్నోసార్లు అడిగారు. "దేవుడు నిన్ను కామెర్లలోనుంచి లేపినాడు, మీ అమ్మను సావులోనుంచి లేపినాడు, లేసి చెప్పమ్మా" అని. నేను లేవలేదు. అక్కడ నిలబడితే సగం చెప్పి కూర్చుంటానని నాకు తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1984 ఏప్రిల్

కామెర్లని ముందు కనిపెట్టింది నేను కాదు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చున్న తెలుగు అయ్యవారు నా ముఖం చూసి, "ఏం టీచర్, కండ్లు ఎప్పుడన్నా అద్దంలో సూసుకున్యారా?" అన్నాడు. అప్పటికి వారం రోజులుగా ఉడుకుతున్న అన్నం వాసనకే కడుపులో తిప్పుతోంది. ఎముకల్లో ఎవరో దూది కూరినట్టు నీరసం. ఎండలే అనుకుని లాక్కొచ్చాను.

డాక్టరు చూసి, దీనికి విడిగా మందు లేదమ్మా, విశ్రాంతి తీసుకో, నూనె తగ్గించు, దానంతటదే పోతుంది అన్నాడు. అన్ని మాటల్లో మా అమ్మకు వినపడింది మందు లేదన్న ఒక్కటే.

"మందు ల్యాకపోయేదేందీ? మందు ల్యానోడు డాక్టరెట్లయినాడు?" అని బయటికొచ్చి రోడ్డుమీదే అరిచింది.

మర్నాడు పొద్దున్నే నన్ను అహోబిలం దోవలో ఒక పల్లెకు లాక్కుపోయింది. అక్కడొక పెద్దాయన కామెర్లకు ఆకు పసరు పోస్తాడు. నేను దోవపొడుగునా గొణుగుతూనే ఉన్నాను. సైన్సు చెప్పేదాన్ని, పసరు తాగానంటే పిల్లలు నవ్వుతారని.

"సైన్సు నీ పిల్లోళ్లకు సెప్పుకో. నాకు మాత్రం నువ్వు బతకల్ల" అంది అమ్మ. ఆమెతో వాదించి గెలిచినవాళ్లను నేను చూడలేదు.

ఆ పెద్దాయన మంచివాడే. నెమ్మదిగా మాట్లాడాడు. మూడు పొద్దులు పసరు, నలభై దినాలు చప్పిడి పథ్యం అన్నాడు. ఉప్పు, కారం, నూనె ముట్టకూడదు. గడియకొక చెంబు నీళ్లు తాగాలి. "పచ్చదనమంతా నీళ్లల్లో కొట్టకపోతాది తల్లీ" అన్నాడు. ఆయన ఈ పథ్యం చెప్పింది నాకు. మా అమ్మకు కాదు. ఆ తర్వాత అందరూ ఆయన్ని తిట్టారు కాబట్టి ఈ ముక్క రాయడం నా విధి.

ఆ సాయంత్రం అమ్మ మోకాళ్లమీద ఉండి గట్టిగా ప్రార్థన చేసింది. "ప్రభువా, నా బిడ్డ పథ్యం ముగిసేదాంక నేనూ ఉప్పు ముట్టను. ఇది నీకు నేనిచ్చే మాట" అంది. నేను మంచం మీదనుంచి లేచి కూర్చున్నాను.

"నీకేం రోగమని మా? నువ్వు యాల మానేది?"

"నా ముందర నువ్వు సప్పిడి కూడు తింటాంటే నేను ఉప్పేసుకోని తినల్లనా? గొంతు దిగుతాదా నాకు?"

అంతటితో ఆగలేదు. ఇంట్లో ఉన్న ఉప్పు జాడీ తీసుకుపోయి పక్కింటి ఖాజాబీకి ఇచ్చింది. "నలభై దినాలు నీ కాడ పెట్టుకో. నేనొచ్చి అడిగినా ఇయ్యాకు" అని చెప్పి వచ్చింది. తర్వాత పొయ్యిలోని బొగ్గు ముక్క తీసుకుని తలుపు వెనక గోడమీద ఒక గీత గీసింది. అది మొదటి రోజు.

చప్పిడి పథ్యం చేయనివాళ్లకు అదేంటో చెప్పినా అర్థం కాదు. మొదటి రోజు, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. మూడో రోజుకు సంకటి ముద్ద నోట్లో తడిమట్టిలాగా ఉంటుంది. అయిదో రోజుకు ముద్ద కనపడగానే ఏడుపొస్తుంది. అమ్మ నా ఎదురుగా కూర్చుని అదే సంకటి, అదే పప్పు నీళ్లు తినేది. "జొన్నల రుసి ఇన్నాళ్లూ ఉప్పు కింద దాగుండె సూడు, ఇప్పుడు తెలుస్తాంది" అనేది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. ముద్ద మింగేటప్పుడు కళ్లు మూసుకునేది.

ఇక నీళ్లు. "నువ్వొక సెంబు, నేనొక సెంబు. నువ్వు ఎనకబడితే ఊరుకోను" అని పందెం పెట్టేది. నేను తాగకపోతే ముందు తను తాగి, ఖాళీ చెంబు బోర్లించి చూపించేది. బిడ్డకు పాలు తాగించే తల్లులు చేసే పనే అది. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు.

తొమ్మిదో గీత రోజున నేను దొంగనయ్యాను.

నా దగ్గర ఒక రేకు పెట్టె ఉంది. పాఠాలు చెప్పేందుకు కావలసినవి అందులో పెట్టుకుంటాను. భూతద్దం, లిట్మస్ కాగితాలు, ఒక సీసా నిండా రాళ్ల ఉప్పు. ఆ ఉప్పు తొమ్మిదో తరగతి పిల్లలకు జీవకణం పాఠంలో ఆలుగడ్డ ప్రయోగం చేసి చూపించడానికి. ఆలుగడ్డ ముక్కను ఉప్పునీళ్లలో వేస్తే లోపలి నీళ్లు బయటికి పోయి ముక్క వడలిపోతుంది. ఉత్త నీళ్లలో వేస్తే నీళ్లు కణాల్లోకి దూరి ముక్క ఉబ్బి బిర్రుగా అవుతుంది. ఏటా చేసే ప్రయోగమే. అమ్మ ఇల్లంతా వెతికి ఉప్పు బయటికి పంపింది గానీ, నా పాఠాల పెట్టె ఆమె ఎప్పుడూ తెరవదు.

అమ్మ కొళాయి దగ్గరికి పోగానే ఒక రాయి తీసి నాలుకమీద పెట్టుకున్నాను. అబ్బా! దవడలు రెండూ జివ్వుమన్నాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒక్కటే అనుకున్నాను. మర్నాడు రెండు. తర్వాత రోజూ రెండుపూటలా, అమ్మ అటు తిరగగానే నా గంజిలో నాలుగు రాళ్లు పడేవి.

మే నెల

నా కళ్లు తెల్లబడడం మొదలైంది. ఆకలి పుట్టింది. అమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వచ్చినవాళ్లందరికీ నా కింది కనురెప్ప లాగి చూపించేది. "సూడండి, పథ్యం అట్ల సెయ్యల్ల. నా బిడ్డ ఉప్పు రాయి ముట్టలేదు" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను తల వంచుకునేదాన్ని. దాన్ని అమ్మ వినయం అనుకునేది.

చెప్పేద్దామని అనుకోకుండా లేను. పదహారో గీత రోజు నోటిదాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం అమ్మ రాగిసంకటి కలుపుతూ, "నీ మూలంగా నాకూ ప్రార్థన బలపడ్యాది మే. ఇన్ని దినాలు దేవునికిచ్చిన మాట నిలబెట్టుకున్యానా అని నాకే ఆశ్చర్యం" అంది. ఎంత గర్వంగా అందో! ఇంక నేనేం చెప్పేది? నలభై రోజులు గడిస్తే ఎవరికీ తెలియకుండా పోతుందిలే అని నోరు మూసుకున్నాను.

ఇరవై గీతలు దాటాక అమ్మకు తలనొప్పి మొదలైంది. ఎండల్లో నీళ్లు మోస్తుంది, కట్టెలు కొడుతుంది, ఒళ్లంతా చెమట. తువ్వాలు తలకు గట్టిగా చుట్టుకుని తిరిగేది. తర్వాత వాంతులు. పిక్కలు పట్టేసి కూర్చున్నచోటనుంచి లేవలేకపోయేది. ఒకరోజు పొయ్యిమీద ఉత్త కుండ పెట్టి మంట ఎగదోస్తోంది. "మా, నీళ్లు పొయ్యలేదు" అంటే నావైపు కాసేపు ఎవరో అన్నట్టు చూసింది.

నాకు భయం పుట్టింది. ఏం భయమో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. నేను దొంగతనంగా పథ్యం చెడగొట్టినందుకు దేవుడు అమ్మను కొడుతున్నాడని భయపడ్డాను. జీవకణం పాఠం అయిదేళ్లుగా చెబుతున్న మనిషిని నేను. ఉప్పు లేకుండా, ఉత్త నీళ్లు చెంబులు చెంబులు తాగితే ఒంట్లో ఏమవుతుందో ఆలోచించాల్సింది పోయి, మోకాళ్లమీద పడి క్షమించమని దేవుణ్ణి అడిగాను. అమ్మను మాత్రం అడగలేదు. పైగా ఏమన్నానో తెలుసా?

"ఎండదెబ్బ మా అది. నీళ్లు ఇంకా ఎక్కువ తాగు."

చెంబు ముంచి నా చేత్తోనే ఇచ్చాను. అమ్మ బుద్ధిగా తాగింది.

ఇరవై ఏడో పొద్దున అమ్మ గీత గీసింది. గీత వంకరగా పోయింది. బొగ్గు కింద పడేసి వాకిట్లోకి పోయింది. బిందె పడిన చప్పుడైంది. నేను పోయేసరికి నేలమీద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటోంది. పళ్లు బిగుసుకుపోయాయి. ఖాజాబీ పరిగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి అమ్మ చేతిలో పెట్టబోయింది. నేను అరుస్తున్నాను. ఏమని అరిచానో తెలియదు. ఉప్పు, ఉప్పు అని అరిచానని ఖాజాబీ తర్వాత చెప్పింది. చెప్పి, నా ముఖంలోకి చూసి, మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ మంచితనం నేను మర్చిపోను.

జీపులో నంద్యాలకు బయలుదేరాం. శిరివెళ్ల దాటినాక మళ్లీ కొట్టుకుంది. ఈసారి ఆగలేదు. అమ్మ తల నా ఒడిలో ఉంది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. డ్రైవరు వెనక్కి చూడకుండా, "అయిపాయ వస్తిమి, అయిపాయ వస్తిమి" అంటూనే ఉన్నాడు. ఇంకా సగం దోవ కూడా కాలేదని ఇద్దరికీ తెలుసు.

నంద్యాల ఆసుపత్రి

ఆ వరండాలో ఒక బెంచీ ఉండేది. ఒక కాలు కింద ఇటుక ముక్క పెట్టారు. ఎవరు లేచినా అది అటు ఒరిగేది, కూర్చున్నవాళ్లంతా ఒకేసారి ఉలిక్కిపడేవాళ్లు. లోపల అమ్మ. బయట నేను. అన్న మిల్లునుంచి వచ్చినవాడు వచ్చినట్టే నిలబడి ఉన్నాడు, చొక్కామీద తవుడు.

డాక్టరమ్మ బయటికొచ్చింది. ఈ వైపు మనిషి కాదు, మాటను బట్టి గుంటూరు వైపు అనుకున్నాను. "ఫిట్స్ ఆగాయి. ఇన్నాళ్లూ ఏం తిన్నారు ఆమె?" అని అడిగింది.

నేను చెప్పాను. నా కామెర్లు, పసరు, చప్పిడి, చెంబుకు చెంబు నీళ్లు, అన్నీ. ఆమె వింటూ నా కళ్లవైపు, చేతులవైపు చూసింది.

"ఇద్దరూ ఒకే తిండి, ఒకే నీళ్లు. మరి నువ్వెట్లా నిలబడి ఉన్నావు?"

"తెలియదండి" అన్నాను.

అన్న గోడమీద గుద్దాడు. "ఆ పసరోన్ని యాడున్నా లాక్కొస్తా! మా అమ్మను సంపడానికే పెట్నాడు వాడు" అన్నాడు. నేను ఊరికే ఉండి, ఆ పెద్దాయనమీదికి నా తప్పంతా పోనిచ్చాను.

రక్తంలో ఉప్పు ఎంత ఉందో చూసే వసతి అక్కడ లేదు. రక్తం పోసిన చిన్న సీసా ఇచ్చి అన్నను కర్నూలుకు పంపారు. వాడు దాన్ని జేబురుమాల్లో చుట్టుకుని బస్సెక్కాడు. అన్న అటు పోగానే నేను డాక్టరమ్మ వెనకబడ్డాను. ఆమె చేతులు కడుక్కుంటోంది.

"నేను ఉప్పు తిన్నానండి. దొంగతనంగా. అమ్మకు తెలియదు" అన్నాను.

ఆమె కొళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. "ఏం పని చేస్తావమ్మా?" అంది. సైన్సు టీచర్నన్నాను. "అయితే నీకు చెప్పొచ్చు" అని బల్లమీద కూర్చోబెట్టింది.

"మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉప్పునీళ్లే. ఆ ఉప్పు ఎప్పుడూ కణంలోకి దూరుతూనే ఉంటుంది. కణం దాన్ని ఎప్పుడూ బయటికి తోడిపోస్తూనే ఉండాలి. మీ వైపు పల్లపు మళ్లలోకి ఊటనీళ్లు వస్తే మోటరు పెట్టి తోడరూ, అట్లాగన్నమాట. మోటరు నడవాలంటే కరెంటు కావాలి. మనం పీల్చే గాలి, తినే తిండి, అదే కణానికి కరెంటు. మీ అమ్మకు దెబ్బమీద దెబ్బ తగిలింది. ఉప్పు లేక, నీళ్లు ఎక్కువై, ముందు బయట ఉప్పు పలచబడింది. నీళ్లు కణాల్లోకి పోయాయి. మెదడు ఉబ్బింది. అందుకే ఆ తలనొప్పి, వాంతులు, ఫిట్స్. ఇది ఒక దెబ్బ."

"ఆలుగడ్డ ముక్క" అన్నాను.

"ఆ, అదే. రెండోది దోవలో. ఫిట్స్ ఆగకుండా వస్తే మెదడు ఉన్న శక్తంతా ఖర్చు పెట్టేస్తుంది. అదే సమయానికి ఊపిరి అందలేదు. కరెంటు పోయింది. మోటర్లు ఆగాయి. మోటరు ఆగినాక ఉప్పూ నీళ్లూ తోసుకొని లోపలికొస్తాయి. ఇక ఆ కణం నిలవదు, చచ్చిపోతుంది."

"ఎన్ని చచ్చిపోయుంటాయి?"

"ఆమె లేస్తే గానీ తెలియదు."

"మునిగిన పైరు లేస్తుంది గదండి? నీళ్లు తీసేస్తే?"

"కొంత లేస్తుందమ్మా" అంది ఆమె. "ఉప్పు ఎక్కించడం కూడా మెల్లిగానే చెయ్యాలి. తొందరపడితే అది ఇంకో ప్రమాదం. నువ్వు నన్ను తొందరపెట్టకు."

రెండు రోజులు తొందరపెట్టకుండా కూర్చున్నాను. సీసాలోనుంచి పడే ఒక్కొక్క చుక్కను చూస్తూ. అహోబిలంనుంచి భర్తను తీసుకొచ్చిన ఒకామె పక్కమంచం దగ్గర ఉండేది. ఆమె భర్త గుళ్లో అర్చకత్వం చేసేవాడట. నేను తినడం లేదని చూసి, ఆకులో పెరుగన్నం పెట్టి నా ముందు ఉంచింది. మొదటి ముద్దకే ఏడ్చేశాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది అందులో. "కారమేమైనా తగిలిందా అమ్మా?" అని ఆమె కంగారుపడింది. కాదని తల ఊపి మొత్తం తిన్నాను.

మూడో రోజు

అమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూసింది. "మే సువార్తా" అంది. అన్నను చూసి, "ఏందిరా, పనికి పోలేదా?" అంది. నాయన పేరు చెప్పింది. తన చిన్ననాటి ఊరు కొలిమిగుండ్ల అని చెప్పింది. అన్న వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాడు. అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాం.

నర్సు గంజి తెచ్చింది. అమ్మ ఒక్క గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"ఉప్పుండాది దీంట్లో!"

"తాగు మా, డాక్టరే పెట్టమనింది" అన్నాడు అన్న.

"యా డాక్టరురా? నేను దేవునికి మాటిచ్చినా. దాని పథ్యం యాడయిపాయ? ఇరవై యేడు గీతలే అయ్యిండేది. ఇంగా పదమూడుండాయి" అని నోరు గట్టిగా మూసుకుంది.

నేను ముందుకొచ్చి అబద్ధం ఆడాను. నలభై అయిపోయాయి మా, నువ్వు ఇన్నాళ్లూ నిద్రలో ఉన్నావు అన్నాను. అమ్మ నా ముఖం పరీక్షగా చూసింది. "పొద్దున్నే గదే గీత గీసినా. సేతికి మసి కూడా పోలేదు" అంది. వేళ్లు చూసుకుంది. నిజంగానే గోళ్ల సందుల్లో బొగ్గు మసి ఇంకా ఉంది.

మధ్యాహ్నం కూడా తినలేదు. పాస్టరుగారిని పిలిపించాం. ఆయన ప్రార్థన చేసి, ప్రభువు నీ మాటనుంచి నిన్ను విడిపించాడమ్మా అన్నాడు. "ఆ మాట ప్రభువు నాతో సెప్పలేదే" అంది అమ్మ. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "సీసాలతో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? నోటితో తినాలి. మళ్లీ ఉప్పు పడిపోయి ఇంకోసారి ఫిట్స్ వస్తే నేనేం చెప్పలేను" అంది. ఏం చెయ్యాలో నాకు తెలుసని ఆమెకు తెలుసు.

అన్న మంచం అవతల నిలబడి ఉన్నాడు. గంజి గిన్నె తీసుకుని అమ్మ పక్కన కూర్చున్నాను.

"మా, నేను ఉప్పు తిన్నా."

"ఏందీ?"

"తొమ్మిదో దినం నుంచి తింటాండా. పాఠాల పెట్టెలో ఉప్పు సీసా ఉండె. నువ్వు నీళ్లకు పోయినప్పుడు తినేదాన్ని. నా పథ్యం ఎప్పుడో సెడిపోయింది. నువ్వు ఎవురి కోసం మానల్ల మా ఇంగ?"

అన్న తల ఎత్తి నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా ముందు ఉంది. అరవలేదు. "మూడు దినాల్నుంచి ఆ ముసలోన్ని తిడతాంటే ఇంటాంటివి గదా" అన్నాడు. బయటికి పోయాడు. ఆ తర్వాత అయిదు నెలలు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అమ్మ గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. తర్వాత ఇటు తిరగకుండానే, "తే" అంది. గంజి మొత్తం తాగింది. నేను అదృష్టవంతురాలిననుకున్నాను. ఒక్కసారి చెప్పేశాను, ఇక చెప్పాల్సిన పనిలేదు అనుకున్నాను.

సాయంత్రం నర్సు మళ్లీ గంజి తెచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"ఉప్పుండాది దీంట్లో! నా బిడ్డ పథ్యం ఇంగా ఇరవై యేడు గీతలే."

నేను డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె అమ్మ పక్కన కూర్చుని నెమ్మదిగా ఏవేవో అడిగింది. పాతవన్నీ చెప్పింది అమ్మ. పొద్దున ఎవరొచ్చారు, మధ్యాహ్నం ఎవరు ప్రార్థన చేశారు అంటే తెలియదు. బయటికొచ్చాక డాక్టరమ్మ, "కొత్త జ్ఞాపకాలు దాచిపెట్టే చోటు ఒకటుంది మెదడులో. ఊపిరి అందకపోతే ముందు దెబ్బతినేది అదే. చచ్చిపోయినవి తిరిగి రావమ్మా" అంది. నా చెయ్యి పట్టుకుని, "లోపలికి పో. గంజి చల్లారిపోతుంది" అంది.

నేను లోపలికి పోయి మళ్లీ మొదటినుంచి చెప్పాను.

1988, ఆళ్లగడ్డ

అమ్మ ఆరోగ్యంగా ఉంది. నడుస్తుంది, కట్టెలు కొడుతుంది, నన్ను తిడుతుంది. పాటల పుస్తకంలో పాటలన్నీ నోటికి వస్తాయి. కానీ ఆమెకు ఎప్పుడూ ఆ ఇరవై ఏడో పొద్దే. గోడకు సున్నం వేయించాను. వేసిన మర్నాడే గీతలు ఏమయ్యాయని ఇల్లంతా గోలగోల చేసింది. మళ్లీ నేనే బొగ్గుతో ఇరవై ఏడు గీతలు గీశాను. ఖాజాబీ తిరిగిచ్చిన ఉప్పు జాడీని మాత్రం అన్నం తినే చోట పెట్టాను, ఈ ఇంట్లో ఉప్పు ఇక చాటుగా ఉండకూడదని.

రోజుకు రెండుపూటలా, పళ్లెం ముందు పెట్టగానే మొదటి ముద్దకే ఆగుతుంది. "ఉప్పుండాదే! నీ పథ్యం?" అంటుంది. అబద్ధాలన్నీ ప్రయత్నించాను. నలభై అయ్యాయంటే నమ్మదు, కామెర్లు పోయాయంటే గీతలు చూపిస్తుంది. పనిచేసేది ఒకటే. నేను ఉప్పు తిన్నాను మా అని చెప్పాలి. అది విని ఒకరోజు ఏడుస్తుంది, ఒకరోజు పళ్లెం తోసేస్తుంది, ఒకరోజు దేవుణ్ణి క్షమించమని అడుగుతుంది. తర్వాత తింటుంది. ఆమెకు అది ప్రతిసారీ కొత్తే.

కిందటేడు క్రిస్మస్‌కు అన్న వచ్చాడు. మాటలు కలిసినా మా మధ్య ఆ విషయం ఎప్పుడూ రాలేదు. భోజనాల దగ్గర అమ్మ ఆగింది, అడిగింది. నాకా రోజు జ్వరం, నోరు పెగలలేదు. అన్న తన పళ్లెంలోంచి తల ఎత్తకుండా, "నేనే పెట్నా మా దానికి ఉప్పు. అది వద్దంటానే ఉండె" అన్నాడు. అమ్మ వాణ్ణి అరగంట తిట్టింది. వాడు తింటూ, అవును మా, తప్పే మా అంటూనే ఉన్నాడు. నాలుగేళ్లలో నేను చెప్పకుండా గడిచింది ఆ ఒక్క పూట. చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి పోయినప్పుడు వాడి భుజంమీద తల పెట్టి ఏడ్చాను.

ఇది చదివేవాళ్లకు ఒక మాట. డాక్టరు ఉప్పు తగ్గించమంటే తగ్గించండి. అది వేరు. ఎవరో పథ్యం చెప్పారని బొత్తిగా మానేసి, ఎండల్లో కడుపునిండా ఉత్త నీళ్లు తాగకండి. తలనొప్పి, వాంతి, తడబాటు వస్తే మా మాదిరి మోకాళ్లమీదే కూర్చోకండి, ముందు ఆసుపత్రికి పోండి. ఇంట్లో ఎవరన్నా మీ కోసం కడుపు మాడ్చుకుంటుంటే, మీరు చాటుగా తింటున్నది వాళ్లకు చెప్పండి.

ఈ రోజు మధ్యాహ్నం జొన్న సంకటి, పుంటికూర పప్పు చేశాను. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది.

"ఉప్పుండాదే. నీ పథ్యం?"

"నేను తొమ్మిదో దినం నుంచే ఉప్పు తింటాండా మా. నీకు తెల్వకుండా."

అమ్మ నావైపు చూసింది. నేను ఏడుపు వస్తుందా, తిట్టు వస్తుందా అని చూస్తున్నాను. ఈ రోజు రెండూ రాలేదు.

"దొంగముండా" అంది, నవ్వుతూ. "సెప్పింటే నేనూ తినింటా గదమ్మే!"

గోడవారనున్న జాడీని తన దగ్గరికి లాక్కుని, పప్పులో ఇంకో రెండు రాళ్లు వేసుకుంది.